కణజాల వర్ధనంలో కాంతి రంగు, ఔషధ పదార్థాల ఉత్పత్తి

మొక్క నుంచి కోసిన చిన్న ముక్కను సూక్ష్మజీవులు చొరని పాత్రలో, పోషకాలు కలిపిన యానకం మీద పెంచే పద్ధతిని కణజాల వర్ధనం అంటారు. టిష్యూ కల్చర్ అరటి మొక్కల పుణ్యమా అని ఈ మాట తెలుగు రైతులకు కొత్తది కాదు. మొక్కల తయారీతో పాటు ఈ పద్ధతికి మరో ప్రయోజనం ఉంది. ఎండ నుంచి, పురుగు నుంచి, తెగులు నుంచి తనను కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే రసాయనాలు మనకు మందులుగా, రంగులుగా, సుగంధాలుగా పనికివస్తాయి. వృక్షశాస్త్రంలో వీటిని ద్వితీయ జీవక్రియోత్పన్నాలు అంటారు. ఫ్లేవనాయిడ్లు, ఆంథోసయనిన్లు, ఆల్కలాయిడ్లు, టర్పీన్లు ఈ కోవకు చెందినవే. పొలంతో, ఋతువుతో పని లేకుండా వీటిని పాత్రలోనే తయారు చేయించాలన్న ప్రయత్నంలో హార్మోన్లు, చక్కెర, ఉష్ణోగ్రతలతో పాటు వెలుగు రంగు కూడా ఒక సాధనమైంది. ఏ రంగు అన్నిటికన్నా మేలు అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. పాత్రలోని కణజాలానికి వెలుగు తిండి కాదు, కబురు. ఏ పదార్థం కావాలి, అది ఏ రకం కణాల్లో తయారవుతుంది, వర్ధనం ఏ దశలో ఉంది అన్నవి తేలిన తరువాతే ఏ రంగు కబురు పంపాలో తేల్చవచ్చు. ఇప్పటివరకు పోగుపడిన ఆధారాలన్నీ ఈ నిర్ణయానికే తీసుకువస్తాయి.

వెలుగు తిండి కాదనడానికి వర్ధన యానకమే సాక్ష్యం. విడి కణాలను పాత్రలో పెంచవచ్చన్న ఆలోచనను ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు గాట్లీబ్ హాబర్లాంట్ 1902లో ప్రతిపాదించాడు. ఎడతెగకుండా పెరిగే కణజాలాన్ని 1939లో ఫ్రాన్స్‌లో గోతెరే, నోబెకూర్, అమెరికాలో ఫిలిప్ వైట్ విడివిడిగా సాధించారు. 1962లో మురాషిగే, స్కూగ్ రూపొందించిన ఎంఎస్ యానకం ఈనాటికీ ప్రయోగశాలల్లో అందరూ వాడేదే. అందులో సాధారణంగా లీటరుకు 30 గ్రాముల చక్కెర వేస్తారు. అంటే కణాలకు కావలసిన కర్బనం వేళకు అందుతూనే ఉంటుంది. యానకం మీద పెరిగే, కాలస్ అనే రూపంలేని కణాల ముద్దలో పత్రహరితం కొద్దిగానో, అసలు లేకుండానో ఉంటుంది. ఇక వర్ధన గదిలో వెలుగు ఎంత? చదరపు మీటరుకు సెకనుకు సుమారు 50 మైక్రోమోల్‌ల ఫోటాన్లు. ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం పొలంలో పడేది దాదాపు 2000. నలభయ్యో వంతు వెలుగులో, ముందే చక్కెర తాగి ఉన్న కణజాలం తన రసాయన ఉత్పత్తిని రెండింతలు, మూడింతలు మార్చుకుంటోందంటే కారణాన్ని కిరణజన్య సంయోగక్రియలో వెతకడం దండగ. ఆ కొద్ది వెలుగునూ చదివి అర్థం చేసుకునే ఏర్పాటు కణంలో ఉండాలి.

ఆ ఏర్పాటే కాంతి గ్రాహకాలు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ విత్తనాలతో ఒక విచిత్రాన్ని చూసింది. 660 నానోమీటర్ల ప్రాంతపు ఎరుపు పడితే విత్తనం మొలకెత్తుతుంది. వెంటనే 730 ప్రాంతపు సుదూర ఎరుపు పడితే ఆ ఆజ్ఞ రద్దవుతుంది. మళ్లీ ఎరుపు చూపిస్తే మళ్లీ మొలుస్తుంది. ఎన్నిసార్లు మార్చినా చివరి వెలుగుదే తుదిమాట. ఈ మీటను నడిపే ప్రోటీనుకు ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. నీలాన్ని గుర్తించే క్రిప్టోక్రోమ్ జన్యువు 1993లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దొరికింది. కాండాన్ని వెలుగు వైపు వంచే ఫోటోట్రోపిన్‌లు కూడా నీలానికే స్పందిస్తాయి. 280 నుంచి 315 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలను యూవీఆర్8 అనే ప్రోటీను గ్రహిస్తుందని 2011లో తేలింది. ఈ గ్రాహకాల్లో చాలావాటి దారులు కణకేంద్రకం దగ్గర కలుస్తాయి. చీకట్లో కాప్1 అనే ప్రోటీను హెచ్‌వై5 అనే జన్యు నియంత్రకాన్ని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తూ ఉంటుంది. వెలుగు పడగానే కాప్1 జోరు తగ్గుతుంది, హెచ్‌వై5 నిలదొక్కుకుంటుంది, ఫ్లేవనాయిడ్ దారికి మొదటి మెట్టయిన చాల్కోన్ సింథేజ్ ఎంజైము జన్యువు మేలుకుంటుంది. అంటే రంగుకూ రసాయనానికీ మధ్య ఉన్న సంబంధం పేరుపేరునా చెప్పగలిగే ప్రోటీన్ల గొలుసు.

ఈ గొలుసులో నీలం, అతినీలలోహితం వైపు ఉన్న కొసను మొదట బయటపెట్టినవి కణ వర్ధనాలే. 1970లలో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాల్‌బ్రాక్ బృందం పార్స్లీ కణాలను ద్రవ యానకంలో పెంచింది. పార్స్లీ మన కొత్తిమీర కుటుంబపు మొక్క. చీకట్లో పెరిగిన ఆ కణాల్లో ఫ్లేవనాయిడ్లు లేవు. అతినీలలోహితం చూపించిన కొన్ని గంటల్లోనే ఫినైలాలనిన్ అమ్మోనియా లయేజ్, చాల్కోన్ సింథేజ్ ఎంజైములు లేచాయి, వాటి వెనుకే ఫ్లేవనాయిడ్లు వచ్చాయి. ఇక్కడ గమనించవలసింది అతినీలలోహితం ఆ పని మొదలుపెట్టగా, నీలం, ఎరుపు దాని మోతాదును సవరించాయన్నది. హాప్లోపాపస్ అనే మొక్క కాలస్‌లో ఆంథోసయనిన్ తయారీకి ఏ తరంగదైర్ఘ్యం పనిచేస్తుందో కొలిచినప్పుడు కూడా నీలం, దాని పక్కనున్న అతినీలలోహితమే తేలాయి. ఎందుకిలా అన్నదానికి మొక్క జీవితంలోనే సమాధానం ఉంది. ఫ్లేవనాయిడ్లు అతినీలలోహితాన్ని పీల్చుకునే గొడుగు. నీలం, అతినీలలోహితం దండిగా పడుతున్నాయంటే పైన ఆకాశం తెరిచి ఉందని అర్థం. గొడుగు విప్పవలసిన సమయం. పాత్రలోని కణాల ముద్దకు ఆకాశం తెలియదు, కానీ కబురు చదివే పద్ధతి మాత్రం ఆకు నుంచి వారసత్వంగా వచ్చింది. పొడపత్రి కాలస్‌లో నీలి వెలుగు కింద జిమ్నెమిక్ ఆమ్లం పెరిగిందని మన దేశంలో జరిగిన పరిశోధనలోనూ తేలింది. తులసి జాతుల నుంచి అశ్వగంధ దాకా ఎన్నో ఔషధ మొక్కల మీద ఇలాంటి రంగుల పరీక్షలు జరుగుతున్నాయి.

ఇంతవరకే చదివినవారు నీలమే మేలైన రంగని అనుకోవడం సహజం. పరిశోధన పత్రాల్లో ‘నీలి వెలుగులో ఫినాలిక్ పదార్థాలు పెరిగాయి’ అన్న వాక్యం (ఫ్లేవనాయిడ్లు ఈ కుటుంబానివే) మాటిమాటికీ కనిపించడం ఆ అభిప్రాయాన్ని మరింత గట్టిపరుస్తుంది. దాన్ని తోసిపుచ్చే ఉదాహరణ ఈ రంగపు మొదటి వాణిజ్య విజయమే కావడం గమనించదగ్గ విషయం. జపాన్‌లో మురాసాకి అనే మొక్క వేరు నుంచి షికోనిన్ అనే ఎర్రని పదార్థం తీస్తారు. గాయాలకు మందుగా, బట్టలకు ఊదా రంగుగా దానికి పాత పేరుంది. 1974లో తబాతా బృందం ఆ మొక్క కాలస్‌ను పరీక్షించగా చీకట్లో ఎర్రబడిన కణాలు తెల్లని వెలుగులోనూ, నీలి వెలుగులోనూ రంగు పట్టలేదు. అంటే ఫ్లేవనాయిడ్లకు మీట వేసిన రంగే షికోనిన్‌కు మీట ఆపింది. 1983లో మిత్సుయి సంస్థ చీకటి తొట్టెల్లో పెంచిన కణాల నుంచే షికోనిన్‌ను అమ్మకానికి తెచ్చింది. లిప్‌స్టిక్‌లలో కూడా అది చేరింది. మొదట కణాలను పెంచే యానకం, తరువాత రంగు పుట్టించే యానకం అని రెండు దశల పద్ధతిని వాళ్లు ఉపయోగించారు. క్యాన్సర్ మందు టాక్సాల్‌ది కూడా ఇదే కథ. యూ చెట్టు కాలస్‌లో తెల్లని వెలుగు కన్నా చీకట్లోనే టాక్సాల్ ఎక్కువ చేరింది. షికోనిన్ వేరు పైపొరలో, టాక్సాల్ బెరడులో తయారవుతాయి. నేల కింద ఉన్న వేరుకు నీలం సోకిందంటే మన్ను కొట్టుకుపోయి తాను బయటపడిందని అర్థం కావచ్చు. అప్పుడు వేరు పనులు ఆపడంలో వింత లేదు. పదార్థం మొక్కలో ఎక్కడ పుడుతుందో, అక్కడికి ఏ వెలుగు చేరుతుందో చూస్తే రంగు ప్రభావాన్ని చాలావరకు ముందే ఊహించవచ్చు. ఈ సూత్రం ఎల్లవేళలా నిలవదు. ఆర్టెమిసియా అనే మొక్క నుంచి పాత్రలో పెంచిన రోమ వేళ్లలో మలేరియా మందు ఆర్టెమిసినిన్ ఎర్రని వెలుగు కింద తెల్లని వెలుగులో కన్నా పెరిగినట్టు చైనాలో చూశారు, వేరుకు వెలుగుతో పనేమిటని అనుకున్నా సరే. అలాగని సూత్రాన్ని వదిలెయ్యనక్కర్లేదు. ఆ మొక్కలో ఆర్టెమిసినిన్ పుట్టిల్లు ఆకు మీది గ్రంథులు. రోమ వేరు దాన్ని తయారుచేయడమే అసహజమైన ఏర్పాటు.

రంగు ఒక్కటే సరిపోదని, ఆ కబురు అందుకోగల కణాలు కూడా ఉండాలని నేర్పిన మొక్క మన పెరట్లోని బిళ్లగన్నేరు. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాని నుంచి క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. రక్త క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ దాని తోబుట్టువు. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలని లెక్క. కాబట్టి కణాలను తొట్టెల్లో పెంచి తీద్దామన్న ఆశ పుట్టింది. విన్‌బ్లాస్టిన్ రెండు సగాల జోడింపు: కాథరాంథిన్, విండోలిన్. తొట్టెలోని విడి కణాలు కాథరాంథిన్‌ను తయారు చేశాయి కానీ విండోలిన్‌ను చేయలేదు. వెలుగులో పెంచినా ఫలితం లేకపోయింది. ఎందుకన్నది తరువాత తెలిసింది. విండోలిన్ తయారీలో చివరి మెట్లు ఆకు లోపలి పాల కణాల్లో, మరో రకం ప్రత్యేక కణాల్లో జరుగుతాయి. కాథరాంథిన్ ఆకు పైపొరలో పుట్టి ఉపరితలం మీదికి చేరుతుంది. ఒకే ఆకులో రెండు సగాలూ వేరు గదుల్లో ఉంటాయి. కాలస్‌లో గదులే లేవు. కొమ్మలు, ఆకులు వేసిన వర్ధనాల్లో మాత్రం కథ మారిపోతుంది. విండోలిన్ చివరి దశల ఎంజైములు వెలుగుతోనే మేలుకుంటాయని, ఆ మీటను నడిపేది ఫైటోక్రోమ్ అని 1992లో మొలకల మీద చూపించారు. ఎరుపు పెంచింది, సుదూర ఎరుపు రద్దు చేసింది. దాదాపు అదే కాలంలో జపాన్‌లో హిరాతా బృందం బహుళ కొమ్మల వర్ధనాల మీద 370 నానోమీటర్ల ప్రాంతపు అతినీలలోహితాన్ని ప్రసరింపజేస్తే రెండు సగాలు కలిసిన జంట ఆల్కలాయిడ్లు పెరిగాయి. ఇక్కడ ఒకే మందులో రెండు రంగులకు రెండు వేర్వేరు పనులు పడ్డాయి. ఎరుపు ఒక సగాన్ని తయారు చేయిస్తుంది, అతినీలలోహితం రెండు సగాలను కలపడానికి తోడ్పడుతుంది. ‘ఈ మొక్కకు ఏ రంగు మంచిది’ అన్న ప్రశ్న ఎంత కొరగానిదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది: ఇదంతా రంగు వల్ల కాదు, శక్తి వల్లో వేడి వల్లో అని. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. 450 నానోమీటర్ల నీలి ఫోటాన్‌లో ఉన్న శక్తి 660 నానోమీటర్ల ఎర్రని ఫోటాన్‌లో ఉన్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. కాబట్టి రెండు దీపాలనూ వాట్లలో సమానం చేస్తే ఎరుపు కింద ఫోటాన్లు ఎక్కువ పడతాయి. లక్స్‌లలో సమానం చేస్తే ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే లక్స్ మనిషి కంటికి సంబంధించిన కొలమానం. గొట్టపు దీపాలకు రంగు కాగితం చుట్టి చేసిన పాత ప్రయోగాల్లో రంగుతో పాటు తీవ్రత కూడా మారిపోయేది. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీలు 1990లలో అందుబాటులోకి వచ్చాక ఈ లోటు తీరింది. వాటిని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫోటాన్ల లెక్కను సమానం చేసి, పాత్ర లోపలి ఉష్ణోగ్రతను కొలిచి చేసిన ప్రయోగాలకే విలువ ఇవ్వాలన్న షరతుకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయినా అభ్యంతరం నిలవదు. ఎరుపు తరువాత సుదూర ఎరుపు చూపితే ఫలితం రద్దవడాన్ని వేడితో వివరించలేం. శక్తే కారణమైతే మరికొంత శక్తి చేర్చినప్పుడు ఫలితం పెరగాలి గానీ చెరిగిపోకూడదు.

రెండో అభ్యంతరం మరింత సూక్ష్మమైనది, దీన్ని చాలామంది పట్టించుకోరు. వెలుగు కణాన్ని కాకుండా యానకాన్ని మారుస్తుండవచ్చు. ఎంఎస్ యానకంలో ఇనుమును కరిగిన స్థితిలో ఉంచడానికి ఈడీటీఏ అనే రసాయనం కలుపుతారు. నీలం, అతినీలలోహితం తగిలితే ఆ జంట విడిపోయి, ఈడీటీఏ నుంచి ఫార్మాల్డిహైడ్ పుడుతుందని 1990ల ఆరంభంలో స్టాసినోపౌలోస్, హాంగార్టర్ చూపించారు. పాత్రలకు పసుపు వడపోత తొడిగి నీలాన్ని ఆపగానే పెరుగుదల మారింది. ఆక్సిన్ హార్మోన్ అయిన ఇండోల్ అసిటిక్ ఆమ్లం కూడా వెలుగుకు నశిస్తుంది. యానకంలో రైబోఫ్లేవిన్ ఉంటే మరీ త్వరగా. కాబట్టి నీలి దీపం కింద కాలస్ ఎండిపోయి ఫినాలిక్ పదార్థాలు పెరిగితే, అది క్రిప్టోక్రోమ్ మాటా లేక ఫార్మాల్డిహైడ్ బాధా అని అడగాల్సిందే. దీనికి తగిన పరీక్ష కష్టమైనదేమీ కాదు. కణాలు లేని యానకాన్ని ముందుగా ఆ దీపం కింద ఉంచి, తరువాత దానిలో చీకట్లో కణాలను పెంచి చూస్తే సరి. ఈ సరిచూపు లేని నీలి ఫలితాలను కొంత అనుమానంతోనే చదవాలి. పాత్రను దేనితో తయారుచేశారో కూడా గమనించాలి. మామూలు గాజు, పాలీకార్బొనేట్ అతినీలలోహితంలో తక్కువ తరంగదైర్ఘ్యపు భాగాన్ని ఆపేస్తాయి. పైన వెలిగే దీపం అతినీలలోహితమైనా లోపలికి అందేది మరొకటి కావచ్చు.

మూడోది కొలతల మీద. ‘మొత్తం ఫినాలిక్‌లు’ అని పత్రాల్లో రాసేది ఎక్కువగా ఫోలిన్ పద్ధతితో కొలిచిన అంకె. ఆ పద్ధతిలో వాడే కారకం ఫినాల్‌లకే కాదు, విటమిన్ సి వంటి ఇతర క్షయకరణులకు కూడా రంగు మారుతుంది. ఇక ఆ పదార్థాలు పరీక్షనాళికలో స్వేచ్ఛా రాడికల్‌ను అణచడం రోగి దేహంలో మేలు జరుగుతుందన్న హామీ ఇవ్వదు. ఏ పదార్థం పెరిగిందో క్రోమటోగ్రఫీతో పేరుపెట్టి చెప్పినప్పుడే రంగుకు ఔషధ విలువను ఆపాదించాలి. దీనితో ముడిపడ్డదే గాఢతకూ దిగుబడికీ ఉన్న తేడా. ఒక వర్ధనం నీలం కింద లీటరుకు 8 గ్రాముల ఎండు కణాలిచ్చి, గ్రాముకు 3 మిల్లీగ్రాముల మందు చేరిందనుకుందాం. మొత్తం 24 మిల్లీగ్రాములు. ఎరుపు కింద 14 గ్రాముల కణాలు, గ్రాముకు 2 మిల్లీగ్రాములు అయితే మొత్తం 28. గాఢత చూసేవాడికి నీలం గెలిచింది, తొట్టె యజమానికి ఎరుపు గెలిచింది. చాలా వర్ధనాల్లో పెరుగుదల ఆగినప్పుడు రక్షణ రసాయనాలు పెరగడం తెలిసిన సంగతే కాబట్టి ఈ చిక్కు అరుదైనదేమీ కాదు. అందుకే మొదట పెరుగుదలకు ఒక రంగు, చివరి రోజుల్లో ఉత్పత్తికి మరో రంగు అన్న రెండు దశల పద్ధతి పుట్టింది. షికోనిన్‌కు యానకంతో చేసిన పనిని ఇక్కడ దీపంతో చేస్తారు.

పరిశ్రమలో ఉన్నవారు చెప్పే అభ్యంతరం వీటన్నిటికన్నా గట్టిది. టాక్సాల్‌ను ఇప్పుడు వెలుగు చొరని ఉక్కు తొట్టెల్లో పెద్ద ఎత్తున తయారుచేస్తున్నారు. చెట్టు మీద ఆధారపడకుండా కణాలతో చేసే ఆ పద్ధతికి 2004లో అమెరికాలో హరిత రసాయనశాస్త్ర పురస్కారం కూడా దక్కింది. దట్టంగా పెరిగిన కణాల ద్రవంలో వెలుగు కొన్ని సెంటీమీటర్లకు మించి పోదు, కాబట్టి వేల లీటర్ల తొట్టెకు పక్కనుంచి దీపం వేసినా గోడ దగ్గరి కణాలకే అందుతుంది. లోపల దీపపు కడ్డీలు దించితే శుభ్రత, కరెంటు, వేడి సమస్యలు మొదలవుతాయి. ఇది నిజమే. కానీ ఈ అభ్యంతరం రంగు పనిచేయదని చెప్పడం లేదు. చీకటిని కోరే పదార్థాలకు ఉక్కు తొట్టె అమరిందని మాత్రమే చెబుతోంది. వెలుగును కోరే పదార్థాలకు తొట్టె ఆకారమే మారాలి. అరల మీద వరుసగా పేర్చిన పలుచని పాత్రలు, యానకం కాసేపు ముంచి కాసేపు తీసే తాత్కాలిక నిమజ్జన పాత్రలు ఇప్పటికే కొమ్మల వర్ధనాలకు వాడుకలో ఉన్నాయి. అరటి మొక్కల కోసం మన రాష్ట్రాల్లో కట్టిన ప్రయోగశాలల్లో అలాంటి అరలు, వాటి పైన దీపాలు ముందునుంచీ ఉన్నవే. బిళ్లగన్నేరు కొమ్మలకు కావలసింది కూడా ఆ అరలే, అయితే పెరుగుదల అంతా ఎరుపు ఎక్కువగా ఉన్న వెలుగులో జరిగి, కోతకు ముందు రోజుల్లో 370 నానోమీటర్ల దీపం వెలగాలి. పాత్ర మూత కూడా ఆ కిరణాన్ని లోపలికి పోనిచ్చేదై ఉండాలి.